కరెంటు లేదనుకున్న తీగ

ఏసీ గొప్పదా డీసీ గొప్పదా అని ఎడిసన్, వెస్టింగ్‌హౌస్‌లు కొట్టుకున్న కథ ఇంజనీరింగు చదివినవాళ్ళలో చాలామందికి తెలుసు. ఆ కథలో ఎవరూ పెద్దగా పట్టించుకోని పేరొకటుంది, జాన్ ఫీక్స్. వెస్టర్న్ యూనియన్ టెలిగ్రాఫ్ కంపెనీలో లైన్‌మన్. నన్నడిగితే ఆ గొడవంతట్లో మనం నేర్చుకోవాల్సింది ఇతని దగ్గరే ఎక్కువ.

అప్పటి న్యూయార్క్ వీధుల్లో టెలిగ్రాఫు, టెలిఫోను, దీపాల తీగలు నెత్తిమీద కలగాపులగంగా వేలాడేవి. వాటిని భూమిలో వెయ్యాలని 1884లోనే చట్టం చేశారు. కంపెనీలు సాగదీస్తూ వచ్చాయి. 1889 అక్టోబరు 11న ఫీక్స్ నడిబజారులో స్తంభమెక్కి పాత తీగలు తీసేస్తున్నాడు. అతను పట్టుకున్నది మామూలు టెలిగ్రాఫు తీగ, దాని కరెంటుతో ప్రాణం పోదు. కానీ అదే తీగ కొన్ని వీధుల అవతలెక్కడో హైవోల్టేజి ఏసీ తీగకి తగులుకుని ఉంది. జనమంతా చూస్తుండగా అతని శవం చాలాసేపు ఆ తీగల మధ్యే వేలాడింది.

మేయర్ హ్యూ గ్రాంట్ ప్రమాదకరమైన తీగలు పీకెయ్యమన్నాడు. కంపెనీలు కోర్టుకెళ్ళి ఆపించాయి. డిసెంబరులో ఆ అడ్డు తొలిగాక గానీ స్తంభాలు నరకడం కుదర్లేదు.

ఇప్పుడు మన సంగతికొద్దాం. మన లైన్‌మన్లు పనికి ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటారు. అది సగమే. పరికరంతో చూసుకుని, పనిచేసే చోటికి రెండువైపులా తీగల్ని ఎర్త్ చేస్తేనే ధైర్యంగా ముట్టుకోవాలి. ఎందుకంటే కరెంటు సబ్‌స్టేషన్ నుంచే రావాలని రూలేం లేదు. పక్క ఫీడరు తీగ తగలొచ్చు. ఎవరో సరిగ్గా కలపని జనరేటరు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లోకి ఎదురెక్కితే, అవతలివైపు 11,000 వోల్టులవుతుంది! ఫ్యూజు వెయ్యడానికి తామే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కే రైతులకి ఆ ఎల్సీ కూడా ఉండదు. ఏబీ స్విచ్‌లో మూడు ఫేజుల్లో ఒక్కటి విడకపోయినా అంతే సంగతులు.

మా సాఫ్ట్‌వేర్లో బయటినుంచొచ్చే డేటాని చెక్ చెయ్యకుండా నమ్మితే ప్రోగ్రాం క్రాషవుతుంది, మళ్ళీ స్టార్ట్ చేస్తాం. స్తంభం మీద ఆ సౌకర్యం లేదు.

"జాగ్రత్తగా ఉండాలయ్యా" అని లైన్‌మన్‌కి నీతులు చెప్పడం తేలికే. ఎర్త్ రాడ్డు, గ్లవ్స్ చేతికివ్వకుండా చెప్తే, ఆనాటి కంపెనీలకీ మనకీ తేడా ఏముంది?