తర్ఫీదుకు లొంగని పరీక్ష ఉన్నదా?

ఒక కళాశాలలో 60 మార్కులు పొందిన విద్యార్థి, మరియొక కళాశాలలో 75 మార్కులు పొందినవానికంటె తక్కువవాడని చెప్పుటకు వీలున్నదా? ప్రశ్నపత్రములు వేరు, దిద్దినవారు వేరు, చదివిన విషయములు వేరు. ఉపాధ్యాయులందరికిని ఈ చిక్కు తెలిసినదే. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికాలోని వ్యాపార విద్యాలయములకును ఇదియే ఎదురైనది. యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికుల చదువునకు ప్రభుత్వము ధనసహాయము చేసినందున కళాశాలలు నిండిపోయినవి. పట్టభద్రులై, వ్యాపార నిర్వహణలో పై చదువు కోరువారిలో ఒకడు ఇంజనీరు, ఒకడు చరిత్ర చదివినవాడు. వీరిని ఒకే త్రాసులో తూచుట ఎట్లు?

1953లో తొమ్మిది విద్యాలయములు కలిసి, ప్రిన్‌స్టన్‌లోని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ తోడ్పాటుతో ఒక ఉమ్మడి ప్రవేశపరీక్షకు పూనుకొన్నవి. 1954లో అది ఆరంభమైనది. మొదటి సంవత్సరము దానిని వ్రాసినవారి సంఖ్య రెండువేలకు కొంచెము పైన మాత్రమే. 1976లో దానికి నేటి పేరు వచ్చినది: గ్రాడ్యుయేట్ మేనేజ్‌మెంట్ అడ్మిషన్ టెస్ట్, పొట్టిగా జీమ్యాట్. పేరు చూచి బెదరనక్కరలేదు. ఇందులో వాణిజ్యశాస్త్రము అడుగరు. లెక్కలు హైస్కూలు స్థాయిని దాటవు. మిగిలినది చదివి గ్రహించుట, వాదములోని లొసుగును పట్టుట.

అట్లయినచో అట్టి పరీక్షకు తయారగుట యనగా ఏమి? ఆ కాలపు పరీక్షానిపుణులు, తయారగుటకు ఏమియు లేదనిరి. కళాశాల ప్రవేశమునకై 1926 నుండి జరుగుచున్న శాట్ పరీక్ష పేరులోనే ‘ఆప్టిట్యూడ్’, అనగా సహజ సామర్థ్యము, అను మాట ఉండెడిది. సహజమైనది కొద్ది వారముల తర్ఫీదుతో పెరుగునా యని వారి వాదము.

దీనిని కాదన్నవాడు ఒక ట్యూషను మాస్టరు. స్టాన్లీ కాప్లన్ అను యువకుడు 1938లో న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్‌లో, తల్లిదండ్రుల ఇంటి నేలమాళిగలో పాఠములు చెప్పనారంభించెను. 1946లో శాట్ పరీక్షకు వెళ్లదలచిన ఒక బాలిక ఆయన సాయము కోరినది. అది మొదలు ఆయన వద్దకు వచ్చువారి సంఖ్య పెరుగుచునే పోయినది. పరీక్ష నిర్వాహకులకు మాత్రము ఆయన పని గిట్టలేదు.

ఇది కేవలము పండితుల తగవు కాదు. తర్ఫీదు ఫలింపనిచో విద్యార్థి చెల్లించిన రుసుము వృథా. ఫలించినచో, రుసుము చెల్లింపలేనివానికి అన్యాయము. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తర్ఫీదు సంస్థలపై విచారణకు దిగి, 1979లో నివేదిక వెలువరించినది. పరిశీలించిన సంస్థలలో ఒకదాని యందు, తరగతిలో బాగుగా చదువుచు ఇట్టి పరీక్షలలో వెనుకబడువారికి శాట్ ఒక్కొక్క భాగములో సుమారు 25 మార్కులు పెరిగినవని తేలినది. 200 నుండి 800 వరకు మార్కులుండు భాగములో 25 కొండంత కాదు, శూన్యమును కాదు. 1990 దశకములో శాట్ పేరునుండి ‘ఆప్టిట్యూడ్’ అను మాటను తీసివేసిరి.

ఇంతకు తర్ఫీదు దేనిని మార్చుచున్నది? జీమ్యాట్‌లోని ఒక రకము ప్రశ్న చూచిన బోధపడును. ‘ఒక సంఖ్య ఎంత?’ అని అడిగి రెండు ఆధారములిత్తురు. మొదటిది: దాని వర్గము 49. రెండవది: అది సున్నకంటె తక్కువ. సంఖ్యను చెప్పనక్కరలేదు. ఏ ఆధారము చాలునో చెప్పవలెను. తొందరపడువాడు మొదటి ఆధారము చూడగానే 7 అని తలచి, అదియే చాలుననును. కాని −7 వర్గమును 49 కదా! రెండవది ఒంటరిగా ఏమియు తేల్చదు. రెండును కలిసినప్పుడే చాలును. దొరికిన లెక్కనెల్ల చివరివరకు చేయుట బడిలో అలవడిన గుణము. ఇక్కడ ఆ గుణమే కాలమును మ్రింగివేయును. లెక్క చేయుటకు ముందు, ‘ఉన్న సమాచారము చాలునా?’ అని ఆగుట ఏ పుట్టుకతోను రాదు, అభ్యాసముతో వచ్చును. ఇట్టి ప్రశ్నలు మన తొమ్మిదవ తరగతిలోను ఇవ్వదగినవే.

1997లో ఈ పరీక్ష కాగితము విడిచి కంప్యూటరుపైకి వచ్చుటతో తయారీ రూపమే మారిపోయినది. మొదట మధ్యస్థమైన ప్రశ్న వచ్చును. సరిగా చెప్పిన కఠినమైనది, తప్పిన సులభమైనది. అందుచే సమాన సంఖ్యలో సరియైన జవాబులు చెప్పిన ఇద్దరికి వేర్వేరు మార్కులు రావచ్చును. ప్రశ్నను దాటవేయుటకు గాని, వెనుకకు పోవుటకు గాని వీలుండెడిది కాదు. తెలియని ప్రశ్నను పట్టుకొని వ్రేలాడక విడిచిపెట్టుట నేర్చుకొనవలసి వచ్చినది. బుద్ధిమంతులకే ఇది మరింత కష్టము.

కంప్యూటరు పరీక్ష ఏడాది పొడవున జరుగును గనుక అవే ప్రశ్నలు మరల మరల వాడుకలోనుండును. కొందరు వాటిని జ్ఞాపకముంచుకొని వచ్చి ఇతరులకు అందించిరి. 2008లో అమెరికాలో ఒక న్యాయస్థానము, ఇట్టి ప్రశ్నలతో వ్యాపారము చేసినవారిపై 23 లక్షల డాలర్ల తీర్పునిచ్చినది. 84 మంది మార్కులు రద్దైనవి. నిర్వాహకులే వాడుకనుండి తొలగించిన ప్రశ్నలను పుస్తకములుగా అచ్చువేయుచుండగా, ఈ దొంగత్రోవ యేల పట్టిరో!

2001లో హైదరాబాదులో ఆరంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ప్రవేశమునకు ఈ మార్కులను స్వీకరించుటతో, జీమ్యాట్ విదేశములకు పోవువారి పరీక్షగా మాత్రమే మిగులలేదు. లెక్కలలో దిట్టలైనను, ఇంగ్లీషు వాక్యదోషములను దిద్దు ప్రశ్నలు ఆ భాష మాతృభాష కానివారికి గట్టి అడ్డుగోడయై ఉండెడివి. 2023 నవంబరులో వచ్చిన క్రొత్త రూపములో ఆ ప్రశ్నలు లేవు, వ్యాసరచన లేదు, రేఖాగణితమును లేదు. 45 నిమిషముల భాగములు మూడు, ప్రశ్నలు మొత్తము 64. పట్టికలను, గ్రాఫులను చదివి తేల్చు పనికి ఒక భాగమంతయు కేటాయించిరి. ఒక్కొక్క భాగము చివర సమయము మిగిలినచో వెనుకకు పోయి మూడు జవాబుల వరకు మార్చుకొనవచ్చును. ఏ మూడింటిని మార్చవలెనన్నది ఇప్పుడు తర్ఫీదులో ఒక క్రొత్త పాఠము.