పూల మీది పొడవు మీసాల పెంకు పురుగులు: గుర్తింపు, వర్గీకరణ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో వేరుశనగలో సాళ్లుగా వేసిన కంది, అనప పూతకు వచ్చేసరికి పూల మీద రకరకాల పెంకు పురుగులు చేరతాయి. అన్నిటికీ ఒకే మందు కొట్టే అలవాటు చాలామందికి ఉంది. ఏది ఏదో ముందు తెలుసుకుంటే ఆ ఖర్చు చాలావరకు తప్పుతుంది.

పొడవు మీసాల పురుగులది సెరాంబిసిడే కుటుంబం. ఒళ్లు సన్నగా, కోలగా ఉంటుంది. మీసాలు సాధారణంగా ఒంటితో సమానంగానో, అంతకంటే పొడవుగానో ఉంటాయి. మీసాలు పొట్టిగా ఉండే రకాలూ ఉన్నాయి కాబట్టి కన్ను కూడా చూడండి. చాలా రకాల్లో కన్ను చిక్కుడు గింజలా వంపు తిరిగి, ఆ వంపు దగ్గరే మీసం మొలిచి ఉంటుంది. చేత్తో పట్టుకుంటే చాలావరకు కీచుమంటాయి.

ఇక ముఖాన్ని పక్కనుంచి చూడండి. ముందుకు వాలి ఉంటే అది సెరాంబిసినే ఉపకుటుంబం. మన దగ్గర పగటిపూట పూల మీదికి వచ్చేవి ఎక్కువగా ఇవే. వీటిలో క్లోరోఫోరస్ రకాలు పసుపు మీద నల్లటి ఉంగరాలతో కందిరీగల్లా కనిపిస్తాయి, కానీ కుట్టవు. పెద్ద పురుగులు పుప్పొడి, తేనె తింటాయి. పిల్ల పురుగులు ఎండు వెదురులో, కట్టెల్లో పెరుగుతాయి. టమాటాకు ఊతం పెట్టిన వెదురు కర్రలకు రంధ్రాలు పడితే వీటి పని కావచ్చు. పైరుకు మాత్రం నష్టం లేదు, మందు అక్కర్లేదు.

ముఖం గోడలా నిటారుగా ఉంటే లామినే ఉపకుటుంబం. అసలు నష్టం చేసేవి వీటిలో ఉన్నాయి. వాటిని పూల మీద వెతక్కండి.

కంది పూలను నిజంగా తినేది వేరే పురుగు. నలుపు మీద నారింజ పట్టీలు, పొట్టి మీసాలు, మెత్తటి రెక్కలు ఉంటే అది బొబ్బల పెంకు పురుగు. నలిపితే కారే ద్రవం తగిలి చర్మం బొబ్బలెక్కుతుంది. చేతికి తొడుగు వేసుకుని ఏరి, సబ్బు నీళ్లలో వేయండి. పశువుల మేతలో కలవనివ్వకండి. దీని పిల్ల పురుగులు మిడతల గుడ్లను తింటాయి కనుక నాలుగైదు కనిపించగానే కంగారు పడనక్కర్లేదు. పూత మీద మందు కొడితే ముందు పోయేవి తేనెటీగలే.

మామిడి తోట ఉన్నవారు కాండం చూసుకోండి. బెరడు నుంచి రంపపు పొట్టు రాలుతుంటే లోపల కాండం తొలిచే పురుగు ఉన్నట్టే. దీని పెద్ద పురుగు బూడిద రంగులో, సుమారు 5 సెంటీమీటర్లు ఉంటుంది. తల వెనుక రెండు నారింజ మచ్చలుంటాయి. రాత్రిపూట తిరుగుతుంది. రంధ్రంలోకి ఇనుప తీగ పోనిచ్చి పురుగును చంపండి. తర్వాత పెట్రోలులో ముంచిన దూది పెట్టి, బంకమట్టితో మూసేయండి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

మల్బరీ రైతులకు సంగతి వేరు. కొమ్మ చుట్టూ కత్తితో గీసినట్టు ఉంగరం పడి, పైభాగం వాడిపోతే అది కొమ్మను చుట్టూ కొరికే పొడవు మీసాల పురుగు పని. గుడ్లు ఆ ఎండే భాగంలోనే ఉంటాయి. మందు కొడితే ఆ ఆకు తిని పట్టుపురుగులు చస్తాయి. ఉంగరానికి కింద కొమ్మ కోసి, అదే రోజు తగలబెట్టండి. గట్టు మీద పడేస్తే పిల్ల పురుగులు అందులోనే పెరిగి మళ్లీ తోటలోకి వస్తాయి.