చార్మినార్ గల్లీలో ఎలక్ట్రాన్: హైజెన్‌బర్గ్ శిష్యుడైన మన హైదరాబాదీ కథ

పాతబస్తీలో చార్మినార్ పక్కన ఒక గల్లీ ఊహించుకోండి. రెండు చివర్లూ మూసేశాం. లోపల ఓ పిల్లాడు ఒకే స్పీడుతో అటూ ఇటూ తిరుగుతున్నాడు. గల్లీని మూడు సమాన ముక్కలు చేస్తే, మధ్య ముక్కలో దొరికే అవకాశం ఎంత? మూడో వంతు, అంటే 33 శాతం.

ఇప్పుడు పిల్లాడి బదులు అతి తక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్‌ని పెట్టండి. మధ్య ముక్కలో దొరికే అవకాశం దాదాపు 61 శాతం! ఎందుకంటే ఎలక్ట్రాన్‌కి ఒక అల ఉంటుంది. బిగించిన వీణ తీగలా మధ్యలో ఎత్తు, గోడల దగ్గర సున్నా. ఆ ఎత్తుని వర్గం చేసి, గల్లీ మొత్తానికి 1 వచ్చేలా సరిచేసి, మనకి కావాల్సిన ముక్క వరకు కూడాలి. అల ఎత్తు వర్గమే అవకాశం అని 1926లో మాక్స్ బోర్న్ చెప్పాడు. మరుసటి ఏడాదే హైజెన్‌బర్గ్ అనిశ్చితి సూత్రం వచ్చింది.

ఆ హైజెన్‌బర్గ్ దగ్గరే, జర్మనీలోని లైప్‌జిగ్‌లో పీహెచ్‌డీ చేశారు మన రజియుద్దీన్ సిద్దీఖీ. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివారు. అక్కడ అప్పుడు సైన్సు, లెక్కలు కూడా ఉర్దూలోనే! తిరిగొచ్చి అక్కడే మ్యాథ్స్ ప్రొఫెసర్ అయ్యారు. తర్వాత పాకిస్తాన్ వెళ్లి, ఇస్లామాబాద్ యూనివర్సిటీకి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు.

అయితే ఒక మాట. నిజాం రాజ్యంలో తెలుగు పిల్లలకి ఉర్దూ కూడా ఇంటి భాష కాదు. ఇంగ్లిష్ లేకుండా పెద్ద సైన్సు నేర్పొచ్చని ఉస్మానియా చూపించింది. తెలుగులో అది చెయ్యడం మాత్రం ఇంకా మన మీదే ఉంది. ఆ 61 శాతం లెక్క ఇవాళ మీ ఫ్రెండ్‌కి తెలుగులో చెప్పి చూడండి!