గుండె ఆపరేషను తర్వాత గుటక, దగ్గు



చెన్నపట్నానికి ఉత్తరాన, సముద్రపు ఒడ్డున ఉన్న తిరువొత్తియూరు తెలుగువారికి కొత్త ఊరు కాదు. ఇక్కడి త్రిపురసుందరీదేవిపై త్యాగయ్యగారు తెలుగులో కీర్తనలు రచించారు. ఈ ఊరికి దాపునే ఉన్న పెరంబూరు దక్షిణ రైల్వే ఆసుపత్రిలో 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ మన దేశంలో తొలి కరోనరీ బైపాస్ ఆపరేషను చేశారు. అంతకు ముందే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ ఎన్. గోపీనాథ్ గుండెను తెరచి చికిత్స చేశారు. 1953లో అమెరికాలో జాన్ గిబ్బన్ హృదయ శ్వాసకోశ యంత్రంతో ఆపరేషనులో విజయం సాధించడం వీటన్నిటికీ దారి చూపింది.

గుండె బాగుపడినా, కొందరికి గొంతు మొరాయిస్తుంది. మాట బొంగురుపోతుంది, నీళ్లు తాగితే పొలమారుతుంది. ఎందువల్ల? మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసనాళంలో ఉంచిన గొట్టం ఎక్కువకాలం ఉంటే గొంతు వాస్తుంది, స్పర్శ మందగిస్తుంది. ఇంకొక కారణం కూడా ఉంది. స్వరపేటికకు వెళ్లే ఎడమ నరం ఛాతీలోకి దిగి, బృహద్ధమనిని చుట్టి, తిరిగి పైకి వస్తుంది. ఆపరేషనులో దానికి ఒత్తిడి తగిలితే ఎడమ స్వరతంత్రి సరిగా మూసుకోదు. గుండె జబ్బుకూ బొంగురు గొంతుకూ గల ఈ బంధాన్ని 1897లోనే వియన్నా వైద్యుడు ఆర్ట్‌నర్ వివరించాడు.

స్వరతంత్రులను మొదట అద్దంలో చూసి పరిశీలించినవారిలో ప్రసిద్ధుడు సంగీత గురువు మాన్యుయెల్ గార్సియా. అది 1854 నాటి మాట. 1988లో అమెరికాలో సుసాన్ లాంగ్‌మోర్ బృందం ముక్కు ద్వారా సన్నని దుర్బిణి పంపి, మింగుడును కళ్లారా చూసే పద్ధతిని ప్రకటించింది.

పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని మనవాళ్లు నెత్తిన తడతారు. ఆపరేషను అయినవారి విషయంలో ఆ మాటతో సరిపెట్టుకోరాదు. ఆహారం శ్వాసనాళంలోకి జారితే న్యుమోనియా రావచ్చు. కొందరికి స్పర్శ లేక దగ్గు కూడా రాదు. అదే మరీ ప్రమాదం. తిన్న తర్వాత గొంతులో గరగర, తడిసిన స్వరం, జ్వరం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

గొట్టం తీసిన వెంటనే, దాహమంటున్నారు కదా అని నర్సును అడగకుండా నీళ్లు పోయకండి. వారు సరేనన్నాక, రోగిని నిటారుగా కూర్చోబెట్టి, చెంచా చెంచాగా ఇవ్వండి. పలుచని నీటికంటే చిక్కని జావ కొందరికి సులువుగా దిగుతుంది. ఎవరికి ఏది తగునో పరీక్షించినవారే చెప్పాలి. తినేటప్పుడు మాటలు వద్దు. నోరు శుభ్రంగా ఉంచడం కూడా న్యుమోనియాను తగ్గిస్తుంది.

ఇక దగ్గు. రొమ్ము ఎముక కోసి కుట్టినందువల్ల నొప్పికి భయపడి చాలామంది దగ్గును అణచుకుంటారు. అలా చేస్తే కళ్లె లోపలే నిలిచిపోతుంది. దిండును ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గితే నొప్పి తగ్గుతుంది, కుట్లకు ఆసరా దొరుకుతుంది. ఎనలాప్రిల్ వంటి రక్తపోటు మందుల వల్ల కూడా పొడిదగ్గు రావచ్చు. అయినా మందును మీ అంతట మీరు మానకండి, డాక్టరును అడగండి.

చాలామందికి ఈ ఇబ్బంది రోజుల్లోనో వారాల్లోనో సర్దుకుంటుంది. నరం దెబ్బతింటే నెలలు పట్టవచ్చు. అంతవరకూ ఇంటివారి ఓపికే సగం వైద్యం.