ప్లగ్గు ఎక్కడుంది?

ఇంటికి కరెంటు ఎస్‌యూవీ కొందామని లెక్కలేస్తుంటే, ఈ లెక్కలు వందేళ్ళనాటివని తెలిసింది. 1900లో అమెరికాలో తయారైన 4,192 కార్లలో 1,575 బ్యాటరీ బళ్ళే, పెట్రోలువి 936. పొగ లేదు, చప్పుడు లేదు, ముందు నిలబడి హాండిల్ తిప్పే బాధ లేదు. సాక్షాత్తూ హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా తిరిగింది డెట్రాయిట్ ఎలక్ట్రిక్‌లో!

1912లో కాడిలాక్‌కి కెటరింగ్ సెల్ఫ్‌స్టార్టర్ రావడంతో కథ తిరగబడిందంటారు. కొంత నిజమే. నాకు మాత్రం తీగే అసలు కారణమనిపిస్తుంది. పట్నం దాటితే పల్లెల్లో కరెంటు లేదు. పెట్రోలు కిరాణా కొట్లో డబ్బాల్లో దొరికేది.

2020లో నెక్సాన్ ఈవీ వచ్చినప్పుడు చార్జికి 312 కిలోమీటర్లన్నారు, కాగితం మీద. ఇప్పుడు పెద్ద బ్యాటరీలున్నాయి, ధరలూ పెద్దవే. హైదరాబాదు నుంచి విజయవాడ సుమారు 275. అమ్మ ఉండేది ఇంకో 60 అవతల. అర్ధరాత్రి ఫోనొస్తే వెళ్ళాల్సింది నేనే. దారిలో ఫాస్ట్ చార్జర్లున్నాయి, సరే. అక్కడికి చేరాక ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి?

షోరూమ్ వాడికి ఇంకా ఏమీ చెప్పలేదు. అమ్మవాళ్ళ వసారాలోకి 15 యాంపుల ప్లగ్గు లాగడానికి ఎంతవుతుందో ఊళ్ళో ఎలక్ట్రీషియన్ని అడిగాను.