కొండ కింది ఊళ్ళో అన్నం ఎక్కడ? నగరి దారిలో తిండిచోట్ల చరిత్ర

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది అంశాలను వివరించగలగాలి.

• సత్రం, పూటకూళ్ళ ఇల్లు, కాఫీ హోటలు, అన్నదాన కేంద్రం ఒకదానికొకటి ఎలా భిన్నమైనవో
• బాటసారికి అన్నం దొరకడంలో కులం, డబ్బు, చట్టం ఏ పాత్ర వహించాయో
• ఊరి పేరు, యాత్రా గ్రంథం వంటి ఆధారాలను చరిత్రకారుడు ఎలా పరిశీలిస్తాడో

1. పరిచయం

కొత్త ఊళ్ళో బస్సు దిగగానే మనం అడిగే మొదటి ప్రశ్న "ఇక్కడ భోజనం ఎక్కడ బాగుంటుంది?" అని. రెండు వందల ఏళ్ళ క్రితం బాటసారి అడిగిన ప్రశ్న వేరు. "ఇక్కడ నాకు అన్నం ఎవరు పెడతారు?" అని ఆయన అడిగేవాడు. ఈ రెండు ప్రశ్నల మధ్య తేడాలో పెద్ద సామాజిక చరిత్ర ఉంది. దాన్ని నగరి ఉదాహరణగా తెలుసుకుందాం.

నగరి చిత్తూరు ప్రాంతంలో, తమిళనాడు సరిహద్దును ఆనుకొని ఉన్న నేతపని పట్టణం. ఊరికి అండగా నగరి కొండలు ఉన్నాయి. వాటిలో ముక్కు ఆకారంలో నిలిచిన శిఖరం ఎత్తు సుమారు 850 మీటర్లు. ఆ శిఖరం సముద్రంలో వెళ్ళే ఓడలవారికి కూడా గుర్తుగా ఉపయోగపడింది. చెన్నపట్నం నుంచి తిరువళ్ళూరు, తిరుత్తణి మీదుగా తిరుపతికి వచ్చే దారి నగరి, పుత్తూరులను తాకుతూ పోతుంది. అందుచేత ఇది కొండ పక్కనున్న చిన్న ఊరే అయినా నిత్యం యాత్రికులను చూసిన ఊరు. ఒకప్పుడు కార్వేటినగరం జమీందారీకి, ఉత్తర ఆర్కాటు జిల్లాకు చెందిన ఈ ప్రాంతం 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరింది.

2. సత్రం: ధర్మంగా పెట్టిన అన్నం

చెన్నపట్నం నుంచి తిరుపతికి కాలినడకన రావాలంటే కొన్ని రోజులు పట్టేది. మజిలీ మజిలీకీ నీడ, నీరు, పొయ్యి పెట్టుకొనే చోటు కావాలి. రాజులు, జమీందారులు, వర్తకులు పుణ్యం కోసం కట్టించిన సత్రాలు ఈ అవసరాన్ని తీర్చాయి. వీటి ఖర్చుకు మాన్యాలు ఇచ్చేవారు.

ఈ దారిలో ఊళ్ళ పేర్లను గమనించండి. తిరువళ్ళూరు దాటాక కనకమ్మసత్రం అనే ఊరు ఉంది. నగరి పట్టణంలోనే సత్రవాడ అనే ప్రాంతం ఉంది. పేరులో సత్రం ఉన్నంత మాత్రాన అక్కడ సత్రం ఉండేదని తీర్పు చెప్పకూడదు. ఊరి పేరు మనకు ప్రశ్నను మాత్రమే ఇస్తుంది. జవాబును శాసనాల్లో, మాన్యం భూముల లెక్కల్లో, ఊరి పెద్దల మాటల్లో వెదకాలి.

కంపెనీ ప్రభుత్వం కూడా సత్రాలను పట్టించుకోవలసి వచ్చింది. మద్రాసు ప్రభుత్వం 1817లో చేసిన 7వ రెగ్యులేషన్ గుళ్ళు, మసీదుల మాన్యాలతో పాటు వంతెనల, సత్రాల మాన్యాలపై పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. దాతల ధర్మంగా ఉన్న అన్నం అప్పటి నుంచి సర్కారు లెక్కల్లోకి కూడా ఎక్కింది.

అయితే సత్రం అందరిదీ కాదు. అనేక సత్రాల్లో వండిన అన్నం బ్రాహ్మణులకే పెట్టేవారు. ఇతరులకు బియ్యం, పప్పు వంటి స్వయంపాకం ఇచ్చేవారు, లేదా వసారాలో పడుకొనే చోటు మాత్రమే దొరికేది. అంటరానివారిగా చూడబడిన కులాలకు ఆ గడప కూడా దూరమే. అన్నానికి వెల లేదు, కాని పంక్తికి హద్దు ఉంది.

3. ఒక యాత్రికుడి సాక్ష్యం

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, తిరువళ్ళూరు, పుత్తూరు మీదుగా తిరుపతి చేరాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ప్రతి మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళు ఉన్నాయా, బ్రాహ్మణ ఇళ్ళు ఉన్నాయా, దిగడానికి వసతి ఉందా అనే వివరాలను ఆయన శ్రద్ధగా రాశాడు. ఒక విధంగా అది ఆనాటి బాటసారులకు తిండి, వసతుల సూచిక.

ఇక్కడ మీరు ఒక జాగ్రత్త పాటించాలి. ఈ సాక్ష్యం చదువు, డబ్బు, పరివారం ఉన్న ఒక బ్రాహ్మణ యాత్రికుడిది. ఆయన పల్లకి మోసిన బోయీలు ఏ చెట్టు కింద పొయ్యి పెట్టుకున్నారు, ఏం తిన్నారు అనేది మనం విడిగా వేసుకోవలసిన ప్రశ్న. ఏ ఆధారమైనా తాను చూసినదే చెబుతుంది. చూడని వారిని గుర్తు చేయడం చరిత్ర విద్యార్థి బాధ్యత.

4. పూటకూళ్ళ ఇల్లు: వెలకు అన్నం

డబ్బు తీసుకొని అన్నం పెట్టడం తెలుగునాట కొత్త కాదు. ఓరుగల్లులో ఒక రూకకు దొరికిన పూటకూటి భోజనం గురించి క్రీడాభిరామంలోనే ఉంది. 'కన్యాశుల్కం'లోని పూటకూళ్ళమ్మ మీకు తెలిసిన పాత్రే. చాలాచోట్ల వితంతువులకు ఇది గౌరవంగా బతికే దారుల్లో ఒకటి. ఇంటి వంటనే వృత్తిగా మలచుకొని, బయటి నుంచి వచ్చిన వారికి పూటకు ఇంతని తీసుకొని వడ్డించేవారు.

పూటకూళ్ళ ఇంట్లో అన్నానికి వెల వచ్చింది. కాని అది ఇల్లే కనుక ఇంటి ఆచారాలు అక్కడా సాగాయి. ఎవరిని లోపలికి పిలవాలి, ఎవరికి అరుగు మీద వడ్డించాలి అనేది కులాన్ని బట్టే ఉండేది.

5. రైలు, కాఫీ హోటలు

1862లో అరక్కోణం వైపు నుంచి రేణిగుంట వరకు రైలు మార్గం తెరుచుకుంది. నగరిని ఆనుకొని ఉన్న ఏకాంబరకుప్పం స్టేషను ఈ మార్గంలోనిదే. రోజుల ప్రయాణం గంటలకు తగ్గడంతో మజిలీల అవసరం తగ్గింది. దారి సత్రాల ప్రాధాన్యం తగ్గి, స్టేషను దగ్గరి తిండి అంగడి ముఖ్యమైంది.

20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో మద్రాసు రాష్ట్రమంతటా కాఫీ హోటళ్ళు వ్యాపించాయి. ఇడ్లీ, దోసె, కాఫీ ఇంటి వాకిలి దాటి బజారుకు వచ్చాయి. మాంసాహారం పెట్టే వాటికి రాయలసీమలో మిలిటరీ హోటలు అనే పేరు ఉండేది. తెలుగు, తమిళం రెండూ వినిపించే నగరి వంటి ఊళ్ళలో సంగటి తినే ఇళ్ళ పక్కనే సాంబారు, పొంగలి, కూటు వడ్డించే బల్లలు వెలిశాయి.

రైల్లో అందరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. హోటల్లో మాత్రం చాలాకాలం అలా కూర్చోలేదు. బ్రాహ్మణులకు వేరే గది, మిగిలినవారికి వేరే గది ఉండేవి. దళితులకు బయటే, వేరే గ్లాసులో కాఫీ పోసేవారు. జేబులో కాసు ఉన్నా కుర్చీ దొరకలేదు.

6. కుర్చీ హక్కుగా మారిన వైనం

ఈ హద్దును కదిలించినవి ఆందోళనలు, చట్టాలు. మద్రాసు రాష్ట్రంలో 1938లో సాంఘిక అశక్తతల తొలగింపు చట్టం వచ్చింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువుల వాడకంలో కులం పేరుతో ఆటంకం ఉండరాదని చెప్పింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం దానికి శిక్షలను జోడించింది. హోటలు పేరుపలకపై కులం పేరు ఉండకూడదని పెరియార్ 1957లో మద్రాసులోని మురళీ కేఫ్ ముందు ఆందోళన నడిపాడు.

చట్టం వచ్చిన మరుసటి రోజే ఆచారం పోలేదు. రెండు గ్లాసుల పద్ధతి పల్లె టీ అంగళ్ళలో ఎన్నో ఏళ్ళు సాగింది. అయినా నిరాకరించినవాడు ఇప్పుడు నేరస్థుడు. సత్రంలో అన్నం దాత దయ. హోటల్లో కుర్చీ పౌరుడి హక్కు. ఈ మార్పే మన పాఠానికి కేంద్రం.

7. డబ్బు లేనివారి సంగతి

కులం హద్దు సడలినా వెల అనే హద్దు మిగిలింది. 1950ల మొదట్లో రాయలసీమను కరువు పట్టినప్పుడు గంజి కేంద్రాలే పేదలకు ఆధారమయ్యాయి. అన్నం వ్యాపారంగా మారిన కాలంలో కూడా ఉచితంగా పెట్టే చోటు అవసరమని ఆ కరువు చూపింది.

1985లో తిరుమలలో నిత్యాన్నదాన పథకం మొదలైంది. ఇప్పుడు అది నడిచే భవనానికి ఈ ప్రాంతపు కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. పెరటాసి మాసంలో నడిచి వచ్చే భక్తులకు దారిపొడవునా పందిళ్ళు వేసి భోజనం పెట్టడం నేటికీ ఉంది. పాత సత్రధర్మం ఇక్కడ కులం అడగకుండా కొనసాగుతోంది. సరిహద్దుకు అవతల 2013లో అమ్మ ఉణవగం, ఇవతల 2018లో 5 రూపాయలకు భోజనం పెట్టే అన్న క్యాంటీన్లు వచ్చాయి. అన్న క్యాంటీన్లు 2019లో మూతపడి, 2024లో తిరిగి తెరుచుకున్నాయి. ప్రభుత్వం మారితే మూతపడే అన్నాన్ని హక్కు అనాలా, దయ అనాలా? ఆలోచించండి.

8. సారాంశం

సత్రం డబ్బు అడగలేదు, కులం అడిగింది. పూటకూళ్ళ ఇల్లు, తొలినాటి కాఫీ హోటలు రెండూ అడిగాయి. చట్టం కులం అడగవద్దంది. అన్నదానం, క్యాంటీను డబ్బు హద్దును తగ్గించాయి. ఈసారి నగరిలోనో మీ ఊళ్ళోనో ఇడ్లీ తినడానికి కూర్చున్నప్పుడు పక్క కుర్చీలోని అపరిచితుణ్ణి ఒకసారి చూడండి. మీరిద్దరూ అలా కూర్చోవడానికి వంద ఏళ్ళకు పైగా పట్టింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సత్రానికి, పూటకూళ్ళ ఇంటికి గల పోలికలను, తేడాలను రాయండి.
2. వీరాస్వామయ్య రచనను ఆధారంగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్త ఏమిటి?
3. మీ ఊళ్ళో 70 ఏళ్ళు దాటిన ఇద్దరిని కలిసి, వారి చిన్ననాటి హోటల్లో ఎవరు ఎక్కడ కూర్చొనేవారో అడిగి, ఒక పుటకు మించకుండా రాయండి. ఆ ఇద్దరూ వేరువేరు కులాలవారైతే వారి జవాబుల్లోని తేడాను ప్రత్యేకంగా గమనించండి.