సావో పాలో - ఇరవై సెంతావోల ఊరు

2012లో ఆరు వారాల పని మీద సావో పాలో వెళ్ళాల్సి వచ్చింది. బయల్దేరే ముందు ట్రావెల్ డెస్కు నుంచి ఓ మెయిలొచ్చింది. దాని సారాంశం: బస్సెక్కొద్దు, మెట్రో ఎక్కొద్దు, చీకటి పడ్డాక నడవొద్దు, టాక్సీ తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దు. మనం బుద్ధిమంతులం కదా, సరేనన్నాను.

హోటలు పౌలిస్తా అవెన్యూ దగ్గర, ఆఫీసు ఫరియా లిమా దగ్గర. మధ్య దూరం అయిదు కిలోమీటర్లు కూడా ఉండదేమో. మొదటి రోజు టాక్సీలో గంట పట్టింది. రెండో రోజు వాన, ఇంకో పావుగంట అదనం. మూడో రోజు మా టీములోని బ్రెజిల్ కుర్రాడు నా అవస్థ చూసి నవ్వి, సాయంత్రం చెయ్యి పట్టుకుని మెట్రోలోకి దింపాడు. నాలుగో లైను, పసుపు రంగుది. అప్పటికి ఫరియా లిమా తర్వాతి స్టేషనే పౌలిస్తా (మధ్యలో రెండు స్టేషన్లు 2014లో ఒకటి, 2018లో ఒకటి తెరిచారు). అంటే ఒక్క స్టేషను! పైగా ఆ రైలుకి డ్రైవరుండడు. 2010లో మొదలైనప్పట్నుంచీ అంతే. ముందు పెట్టెలో అద్దం దగ్గర నిలబడితే సొరంగం మొత్తం మనకే కనిపిస్తుంది. నేనూ, ఓ ఆరేళ్ళ పిల్లాడూ ఆ చోటు కోసం పోటీ పడ్డాం.

ఆ రాత్రి నాకొచ్చిన సందేహం ఇది. ఇంత చక్కటి మెట్రో పెట్టుకుని, ఈ ఊరు గంటలకొద్దీ రోడ్ల మీద ఎందుకు నిలబడుతోంది? దానికి జవాబు వెతుక్కుంటూ పోతే 1867 దాకా వెళ్ళాల్సొచ్చింది.

కాఫీ లేకపోతే ఈ ఊరు లేదు. లోపలి పీఠభూమిలో కాఫీ పండుతుంది, ఓడరేవేమో కింద సాంతోస్‌లో. మధ్యలో ఎనిమిదొందల మీటర్ల నిలువు కొండ. ఇంగ్లీషువాళ్ళు ఆ కొండ మీద తాళ్ళు కట్టి, ఆవిరి యంత్రాలతో పెట్టెల్ని పైకి లాగుతూ 1867లో సాంతోస్ - జుందియాయి రైల్వే తెరిచారు. 1872 లెక్కల్లో 31 వేల మంది ఉన్న ఊరు 1900 నాటికి రెండు లక్షల నలభై వేలయింది. 1901లో కట్టిన లూస్ స్టేషను ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ రైళ్ళొస్తున్నాయి. ఊరు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు అక్కణ్ణుంచి మొదలుపెడితే మంచిదని నా సలహా. పై వంతెన మీద నిలబడి కింద పట్టాలు చూస్తుంటే సికింద్రాబాద్ స్టేషను గుర్తొచ్చింది. ఇద్దరికీ రైలు నేర్పింది ఇంగ్లీషువాళ్ళే కదా.

1900 మే నెలలో ఎలక్ట్రిక్ ట్రాము వచ్చింది. నడిపింది టొరాంటోలో పుట్టిన కంపెనీ, జనం నోట్లో దాని పేరు 'లైట్'. కరెంటూ వాళ్ళదే, ట్రామూ వాళ్ళదే. ట్రాముని అక్కడ 'బొంజి' అంటారు. ఇంగ్లీషు 'బాండ్' నుంచి వచ్చిందట. (మాటల సంగతొచ్చింది కాబట్టి చెప్తున్నాను. బస్సు ఆపాలంటే నొక్కాల్సిన దాన్ని వాళ్ళు 'బొతావ్' అంటారు. మన బొత్తామే! సబ్బు, బాల్చీ, మేస్త్రీ, అన్నీ పోర్చుగీసువాళ్ళు మనకిచ్చి వెళ్ళినవే. హోటల్లో రెండో రోజుకే నాకు సగం భాష వచ్చేసిందనుకున్నాను. రాలేదు లెండి.)

1927లో ఈ లైట్ కంపెనీ నగరపాలక సంస్థ ముందు ఒక ప్లాను పెట్టింది. ఊరి నడిబొడ్డున భూమి లోపల పట్టాలు, పైన వేగంగా వెళ్ళే ట్రాములు, అన్నీ ఒకదానికొకటి కలిపి. బదులుగా రవాణా మొత్తం తమ చేతుల్లోనే ఉండాలన్నారు. ఒప్పుకోలేదు. విదేశీ కంపెనీకి ఊరంతా రాసివ్వడానికి ఎవరు మాత్రం ఒప్పుకుంటారు, వాళ్ళని తప్పుపట్టలేం. కానీ దాని బదులు ఎంచుకున్నదేమిటో చూడండి. 1930లో ప్రెస్తెస్ మాయా అనే ఇంజినీరు 'అవెన్యూల ప్లాను' అచ్చేశాడు. మధ్య నుంచి నలుదిక్కులా పెద్ద రోడ్లు, వాటిని చుడుతూ వలయాలు. రోడ్లకి జాగా ఎక్కడిదీ అంటే, వాగుల లోయలు. నీటిని గొట్టాల్లోకి తోసి పైన రోడ్డు వేసేశారు. 1938లో ఆయనే మేయరై కూర్చున్నాడు, 1961లో ఇంకోసారి. అంటే డిజైను రాసినవాడే రెండుసార్లు ప్రాజెక్టు మేనేజరయ్యాడన్నమాట. ఇక రోల్‌బ్యాక్ ఎక్కడిది! వాన పడితే ఆ రోడ్లు మళ్ళీ వాగులవుతాయి. నా రెండో రోజు టాక్సీలో అదనంగా గడిచిన పావుగంట ఆ వాగులదే.

ట్రాము చార్జీ దశాబ్దాల పాటు కదల్లేదు. డబ్బుల్రాక లైట్ కంపెనీ చేతులు దులుపుకుంది. 1947లో ట్రాముల్ని నగరపాలక సంస్థ కంపెనీకి అప్పజెప్పారు. వాళ్ళు రాగానే చేసిన పని, ఇరవై సెంతావోల టిక్కెట్టుని యాభై చెయ్యడం. ఆ ఏడాది ఆగస్టు 1న జనం రోడ్ల మీదకొచ్చి బస్సుల్నీ ట్రాముల్నీ తగలబెట్టారు. ఈ 'ఇరవై' అంకె గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

చివరి ట్రాము 1968 మార్చి 27న సాంతో అమారోకి నడిచింది. మెట్రో కంపెనీ పుట్టింది అదే ఏడాది ఏప్రిల్ 24న. నెల కూడా గడవలేదు! ఉన్న పట్టాలు పీకిన నెలలోపే కొత్త పట్టాల కోసం కంపెనీ. పాత కోడంతా డిలీట్ చేసి మర్నాడు 'ఫ్రం స్క్రాచ్' అని మీటింగు పెట్టే మేనేజర్లు మనకే ఉన్నారనుకున్నాను :-)

1971లో, సైనిక పాలన రోజుల్లో, ఊరి మధ్య అపార్టుమెంట్ల కిటికీలకి ఆనుకుని ఒక ఎత్తు రోడ్డు కట్టారు. జనం దానికి పెట్టిన పేరు 'మిన్యోకావ్', అంటే పెద్ద వానపాము. అసలు పేరు సైనిక అధ్యక్షుడు కోస్తా ఇ సిల్వాది. 2016లో అది తీసేసి, 1964లో సైన్యం దించేసిన జోవావ్ గులార్ పేరు పెట్టారు. ఆదివారాలు దాని మీద కార్లు ఉండవు, జనం నడుస్తారు, పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు. నేనూ ఓ ఆదివారం నడిచాను. రెండో అంతస్తులో ఒకావిడ ఉల్లిపాయలు తరుగుతోంది. చెయ్యి చాస్తే అందుకోవచ్చు అన్నంత దగ్గర. నలభై ఏళ్ళుగా ఆ వంటింటి పక్కనుంచి కార్లు పోతున్నాయి.

మెట్రో 1974 సెప్టెంబరు 14న మొదలైంది. మెక్సికో నగరం మనకంటే అయిదేళ్ళు ముందు మొదలుపెట్టి రెండొందల కిలోమీటర్లు దాటింది, మేం వందకి ఎంత అవస్థ పడ్డామో చూడు అని అక్కడివాళ్ళు వాపోతారు. నాకు మాత్రం చివుక్కుమనిపించింది కిలోమీటర్ల సంగతి కాదు, పట్టాలు ఎటు వెళ్ళాయన్నది.

అది తెలిసింది నా తెలివితక్కువ వల్ల. ఓ సాయంత్రం ఆరింటికి సే స్టేషన్లో ఎర్ర లైనుకి మారాలి. రెపుబ్లికాకి వెళ్ళాలి, పడమటి వైపు. బోర్డు మీద దిక్కులుండవు, చివరి స్టేషన్ల పేర్లుంటాయి. ఒక కొసన పాల్మేరాస్, ఇంకో కొసన కొరించియాన్స్, రెండూ ఫుట్‌బాల్ జట్లే. నేను తప్పుడు జట్టు వైపు నిలబడ్డాను. తలుపులు తెరుచుకున్నాయి, ఎక్కాననడం అబద్ధం, ఎక్కించబడ్డాను. తర్వాతి స్టేషన్లో దిగుదామంటే చెయ్యి కదల్లేదు. మూడు స్టేషన్లు అలాగే పోయాక, రెండు తలల అవతల తెలిసిన మొహం. మా ఆఫీసులో కాఫీ ఇచ్చే ఆవిడ. నన్ను చూసి ముందు ఆశ్చర్యపోయింది, తర్వాత పకపకా నవ్వింది. వేలితో వెనక్కి చూపిస్తూ ఏదో చెప్పి, చుట్టూ ఉన్నవాళ్ళని కేకలేసి దారి చేయించి దింపింది.

మర్నాడు మా కుర్రాణ్ణి మధ్యలో పెట్టుకుని థాంక్స్ చెప్పి, ఎక్కడుంటారని అడిగాను. సిదాద్జి చిరదెంచిస్. తూర్పు అంచున, సే నుంచి సుమారు ముప్పై అయిదు కిలోమీటర్లు. 1980లలో ప్రభుత్వం పేదల కోసం వేల ఇళ్ళు కట్టి, ఊరి మధ్యలో అద్దెలు కట్టలేనివాళ్ళని అక్కడికి పంపింది. ఇళ్ళు కట్టారు, పట్టాలు వెయ్యలేదు. ఎర్ర లైను 1988లో ఇతాకేరా దాకా వచ్చి ఆగింది. అక్కణ్ణుంచి బస్సు. ఆవిడ పొద్దున నాలుగింటికి లేస్తుంది. ఎనిమిదింటికి నా బల్ల మీదకొచ్చే కాఫీ వెనక రెండున్నర గంటల ప్రయాణం ఉంది. నా ఒక్క స్టేషను ప్రయాణం గురించి ఆవిడ ముందు గొప్పగా చెప్పినందుకు సిగ్గేసింది.

మా కుర్రాడు ఇంకో సంగతి చెప్పాడు. 1985లో వచ్చిన చట్టం ప్రకారం ఉద్యోగి జీతంలో ఆరు శాతం దాటిన బస్సు ఖర్చు యజమానే భరించాలి. చదవడానికి ఎంత బాగుంది! కానీ దానివల్ల ఇంటర్వ్యూల్లో ఒక ప్రశ్న పుట్టింది, 'ఎన్ని బస్సులు మారతావు?' అని. రెండు అంటే ఉద్యోగం రాకపోవచ్చు. ఆవిడకి రెండు చోట్ల అలాగే పోయిందట. 2004లో ఒక కార్డు పెట్టారు, బిల్యేచి ఊనికు. ఒకసారి డబ్బు కట్టి నిర్ణీత గంటల్లో ఎన్ని బస్సులైనా మారొచ్చు. తర్వాత మూడు గంటలు, నాలుగు బస్సులు అని సర్దారు. మనలాంటి పరాయివాళ్ళకి అదొక సౌకర్యం. ఆవిడకి మాత్రం ఇంటర్వ్యూలో 'ఒకటే' అని చెప్పగలిగే అవకాశం. మేం బిల్లింగ్ సిస్టమ్‌లు రాసుకుంటూ వెళ్ళిన వాళ్ళమే. ఒక చార్జీ నిబంధన మనిషికి ఉద్యోగం ఇప్పిస్తుందని నాకెప్పుడూ తట్టలేదు.

నేను హైదరాబాద్ తిరిగొచ్చేశాక, 2013 జూన్‌లో, టీవీలో మళ్ళీ పౌలిస్తా కనిపించింది, పొగలో. బస్సు చార్జీ మూడు రియాల్ నుంచి మూడూ ఇరవైకి పెంచారట. ఇరవై సెంతావోలంటే అప్పటి లెక్కలో మన అయిదు రూపాయలు. మా ఆఫీసులో 'అయిదు రూపాయలకి ఇంత గొడవా' అని ఎవరో అన్నారు. లక్షల మంది రోడ్డెక్కారు, జూన్ 19న పెంపు వెనక్కి తీసుకున్నారు. ఆ లక్షల్లో చట్టం కింద జీతం లేనివాళ్ళున్నారు. రోజుకూలీ పనిమనుషులు, తోపుడుబళ్ళవాళ్ళు. వాళ్ళకి ఆరు శాతం హామీ లేదు, ప్రతి సెంతావో వాళ్ళదే. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఆ రోజుల్లో ఆఫీసులో వాదించేంత ఓపిక ఉండేది కాదు.

2019లో మళ్ళీ వెళ్ళాను. గ్వారుల్యోస్ విమానాశ్రయం 1985లో తెరిచారు, దానికి రైలొచ్చింది 2018లో. ముప్పై మూడేళ్ళు! అదీ టెర్మినళ్ళ దాకా కాదు, అప్పట్లో దిగి ఇంకో బస్సెక్కాల్సి వచ్చేది. శంషాబాద్ మెట్రో కోసం ఎదురుచూసేవాళ్ళు ధైర్యం తెచ్చుకోవచ్చు. సిదాద్జి చిరదెంచిస్‌కి మోనోరైలు వేస్తామన్నారు. 2014లో మొదటి ముక్క తెరిచారు, 2021 డిసెంబరుకి జార్జిం కొలోనియల్ దాకా వచ్చింది. మొదటి ప్లానులో చివరి స్టేషను ఆవిడ పేటే.

2023 డిసెంబరు 17 నుంచి ఆ ఊళ్ళో ఆదివారాలు సిటీ బస్సులు ఉచితం. మా కుర్రాడు (ఇప్పుడు కుర్రాడేం కాదు) ఆ మధ్య ఫోను చేసినప్పుడు ఆవిడ సంగతడిగాను. రిటైరయిందట. ఆదివారం మనవల్ని వెంటేసుకుని పౌలిస్తా మీదకొస్తుందట. 2015 నుంచి ఆ రోడ్డు మీద కూడా ఆదివారం కార్లు లేవు. రెండు బస్సులు మారి, అదే రెండున్నర గంటలు.